స్లాటు దొరికితేనే షికారు

మా రోజుల్లో ఆదివారం షికారుకి పెద్ద ఏర్పాట్లేమీ ఉండేవి కావు. పొద్దున్నే లేవడం, పిల్లలకి స్నానాలు చేయించడం, డబ్బాలు సర్దుకోవడం, బస్సెక్కడం. వాన పడితే ఏదో ఒక చూరు కింద నిలబడడం. ఇప్పుడు సింగపూర్లో మన తెలుగు ఇళ్ళల్లో ఆదివారం షికారు బుధవారం రాత్రే మొదలవుతుంది. భార్యాభర్తలు చెరో ఫోనూ పట్టుకుని సోఫాలో కూర్చుంటారు. ఎక్కడ ఏ టైముకి స్లాటు ఖాళీ ఉంది, ఏ బ్యాంకు కార్డుకి తగ్గింపు ఇస్తున్నారు, పిల్లకి మూడేళ్ళు నిండాయి కాబట్టి టికెట్టు తీయాలా అక్కర్లేదా... ఇదంతా తేలేసరికి రాత్రి పదకొండు. తీరా ఆదివారం వచ్చాక పొద్దున ఈత క్లాసు, ఆ వెంటనే మాండరిన్ క్లాసు, మధ్యాహ్నం ఎవరిదో పుట్టినరోజు. మిగిలిన రెండు గంటల్లో పిల్లకి లోకం చూపించెయ్యాలి. అయ్యే పనేనా అది?

నా బాధ డబ్బు గురించి కాదు, సంపాదిస్తున్నారు, ఖర్చు పెట్టుకుంటారు. సొంతూరు వదిలి వచ్చినవాళ్ళ పిల్లలకి ఊరనేది పుట్టుకతో రాదు. అమ్మమ్మగారి పెరడు లేదు, రథం వీధి లేదు, వేసవిలో మేనత్త కొడుకులతో కలిసి ఎక్కే మామిడిచెట్టు లేదు. రెండేళ్ళకోసారి వెళ్ళి చుట్టపుచూపుగా చూసొచ్చే ఇండియా వాళ్ళకి ఊరు కాదు. మరి వాళ్ళ ఊరు ఏది? పుట్టి పెరుగుతున్న ఈ చోటే. ఇది వాళ్ళదవ్వాలంటే అమ్మానాన్నలు చెయ్యి పట్టుకుని తిప్పాలి. ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ తిప్పాలి. ఎండలో నడిపించాలి, బస్సు కోసం నిలబెట్టాలి, విసుగు పుట్టేదాకా కూర్చోబెట్టాలి. ఈ పని ఇప్పటివాళ్ళు చెయ్యడం లేదు.

నేను తొంభైల మొదట్లో విశాఖలో ఓడల పని వదిలి ఇక్కడ జురాంగ్ వైపు షిప్‌యార్డుకి వచ్చాను. వారానికి ఆరు రోజులు పని. కారు మాట ఎత్తే పనే లేదు. ఈ దేశంలో కారు కొనేముందు పదేళ్ళపాటు దాన్ని నడుపుకునే హక్కుపత్రాన్ని వేలంలో పాడుకోవాలి. 1990లో పెట్టిన పద్ధతి అది. కాబట్టి బస్సు, కాదంటే 1987లో మొదలైన ఎంఆర్‌టీ రైలు. 0.9 మీటర్ల ఎత్తు లోపు పిల్లలకి టికెట్టు లేదు. గేటు దగ్గర గీత ఉండేది. మా అమ్మాయి ప్రతి ఆదివారం వెళ్ళి ఆ గీతకి వీపు ఆనించి, గడ్డం పైకెత్తి నిలబడేది. తల గీత దాటిన రోజు ఇక టికెట్టు పడుతుందని మేము లెక్కలు వేసుకుంటుంటే, పెద్దదాన్నయిపోయానని అది స్టేషన్ అంతా వినిపించేలా అరిచింది. ఆ తర్వాత తన టికెట్టు తనే గేటులో దోపి, అవతల తనే తీసుకునేది. ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.

ఇప్పటి పిల్లలకి ఆ ముచ్చట లేదు. ఇంటి కింద దాకా కారు వస్తుంది, అందులో పడుకుంటారు, దిగేదాకా లేవరు. నేను సౌకర్యాలకి శత్రువుని కాను. మా రోజుల్లో ఎంఆర్‌టీ స్టేషన్లలో లిఫ్టులు లేవు. ఒక చేత్తో పిల్లాణ్ణి, ఒక చేత్తో ప్రామ్‌ని, భుజాన సంచీని మోసుకుంటూ మా ఆవిడ మెట్లెక్కిన రోజులు నాకింకా కళ్ళకి కట్టినట్టున్నాయి. ఇప్పుడు అన్ని స్టేషన్లలో లిఫ్టులున్నాయి. 2017 నుంచి ప్రామ్ మడవకుండానే బస్సెక్కనిస్తున్నారు. ఇవన్నీ ఆడవాళ్ళ కష్టం చూసి చేసిన ఏర్పాట్లే, చేసినవాళ్ళకి దండం పెట్టాలి. అవి లేనప్పుడు తిరిగాం, అవి వచ్చాక వీళ్ళు తిరగడం మానేశారు. నేననేది అంతే.

భోజనం సంగతి. మా ఆవిడ తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపేది, పెరుగన్నం వేరే డబ్బాలో, పిల్లలకి చపాతీలు చుట్టి రేకు కాగితంలో. రైల్లో తింటే 500 డాలర్ల జరిమానా, కాబట్టి ఆకలేసినా దిగేదాకా ఆగాలి. ఆగడం పిల్లలు అలా నేర్చుకున్నారు. దిగాక ఏ చెట్టు కిందో దుప్పటి పరిస్తే అదే హోటలు. మరీ అలిసిపోతే సాయంత్రం హాకర్ సెంటర్లో ఐస్ కచాంగ్ అనే తురిమిన ఐసు ఒకటి, నాలుగు స్పూన్లు. ఇప్పుడు ఏ పార్కుకి వెళ్ళినా ముందు వెతికేది ఏసీ కేఫ్ ఎక్కడుందని. పిల్ల ముందు వేయించిన బంగాళాదుంపలు, పక్కన టాబ్లెట్. ఆ టాబ్లెట్లో ఏనుగు. అద్దం అవతల నిజం ఏనుగు నీళ్ళు చిమ్ముకుంటుంటే ఈ పిల్ల బొమ్మ ఏనుగుని చూస్తూ తింటోంది. నా కళ్ళారా చూశాను, కడుపు తరుక్కుపోయింది.

ఏనుగంటే జూ గుర్తొచ్చింది. 1973లో తెరిచిన మాండాయ్ జూకి మేము టికెట్టు కొనుక్కునే వెళ్ళాం. అందులో తేడా లేదు. పొద్దున గేటు తీసేసరికి వెళ్ళి సాయంత్రం మూసేదాకా ఉండేవాళ్ళం. ఏ జంతువు ఏ పూట నిద్రపోతుందో పిల్లలకి తెలుసు. ఆ మెంగ్ అనే ఒరాంగుటాన్ అప్పటికే దేశమంతటికీ ఇంటిమనిషి. ప్రభుత్వం 1992లో దానికి పర్యాటక రాయబారి అని బిరుదు కూడా ఇచ్చింది. 2008లో అది పోయినప్పుడు సంతాపసభకి వేలమంది వెళ్ళారు. ఇనుకా అనే ధ్రువపు ఎలుగుబంటి ఇంకో విచిత్రం. భూమధ్యరేఖ పక్కన, ఈ ఉక్కపోతలో, 1990 డిసెంబరులో ఇక్కడే పుట్టింది. ఎండకి దాని బొచ్చు ఒక్కోసారి పచ్చబడేది, నాచు పట్టి. మా అబ్బాయి అద్దానికి ముక్కు ఆనించి అది ఈ చివర నుంచి ఆ చివరకి ఈదడం లెక్కపెట్టేవాడు. మంచుదేశం చూడని ఎలుగుబంటి, ఇండియాలో పెరగని మా పిల్లాడు, ఇద్దరికీ ఏదో దోస్తీ కుదిరింది. 2018 ఏప్రిల్లో ముసలితనంతో బాధపడుతున్న దాన్ని నిద్రపుచ్చేశారు. అప్పటికి మావాడు ఉద్యోగస్తుడు. ఆ రాత్రి ఫోన్ చేసి, “నాన్నా, ఇనుకా పోయింది” అన్నాడు, మళ్ళీ మాట్లాడలేదు. జంతువుల్ని బంధించి ఉంచడం తప్పా ఒప్పా అనేది వేరే చర్చ. ఒక జీవి కోసం గొంతు పట్టుకుపోయేంత చనువు ఆ పిల్లాడికి ఏర్పడింది. అది ఒక్కసారి చూస్తే వచ్చేది కాదు.

ఇప్పుడు మాండాయ్‌లో ఐదు పార్కులు. జూ, నైట్ సఫారీ, నదుల పార్కు, పక్షుల పార్కు, 2025లో తెరిచిన అడవి పార్కు. రెండు కలిపి కొంటే ఒక రేటు, నాలుగు కలిపితే ఒక రేటు. కొన్నాక అన్నీ చూసెయ్యాలనే ఆత్రం. ఒక పార్కులోంచి ఇంకో పార్కుకి ప్రామ్ తోసుకుంటూ పరుగు. పాండా దగ్గర ఫోటో, పెంగ్విన్ దగ్గర ఫోటో, జిరాఫీ దగ్గర ఫోటో. “ఏం చూశావమ్మా?” అని ఇంటికొచ్చాక మా మనవరాల్ని అడిగితే వాళ్ళమ్మ ఫోన్ తీసి చూపించింది.

నీళ్ళు పడే చోటు పిల్లలకి ఎప్పుడూ ఇష్టమే. మా ఇంటికి దగ్గర్లో జురాంగ్ పక్షుల పార్కు ఉండేది, 1971లో తెరిచారు. అందులో 30 మీటర్ల జలపాతం. మనుషులు కట్టిందే, కానీ పైన ఆకాశం, చుట్టూ నిజమైన చెట్లు, వల లోపల స్వేచ్ఛగా ఎగిరే పక్షులు. దగ్గరికి వెళ్తే తుంపర మొహాన కొట్టేది. పిల్లలు తడిసిపోయేవాళ్ళు, తుమ్మేవాళ్ళు, మా ఆవిడ కొంగుతో తలలు తుడిచేది. తర్వాత 2012లో మరీనా పక్కన గార్డెన్స్ బై ద బే వచ్చింది. అందులో అద్దాల గోపురం లోపల 35 మీటర్ల జలపాతం. 2019లో చాంగీ విమానాశ్రయంలో జ్యువెల్ అని కట్టారు, అక్కడ గాజు కప్పులోంచి 40 మీటర్లు పడుతుంది. ఎత్తు పెరుగుతూ పోయింది. ఇంజనీరుగా చెప్తున్నాను, ఆ పనితనానికి చెయ్యెత్తి నమస్కరించాల్సిందే. కానీ జ్యువెల్‌లో నీళ్ళు యాక్రిలిక్ గొట్టంలోకి దిగిపోతాయి, చుట్టూ బట్టల కొట్లు, ఫలహారశాలలు, ఏసీ చల్లదనం. పిల్ల చెయ్యి చాస్తే నీటిచుక్క తగలదు. పక్షుల పార్కుని 2023 జనవరిలో మూసేశారు, పక్షుల్ని మాండాయ్‌కి మార్చారు. ఆ పాత జలపాతం దగ్గర ఎన్ని కుటుంబాల పిల్లలు తడిశారో! ఒక ఊళ్ళో చెరువు పూడ్చేస్తే ఎలా ఉంటుందో నాకు ఆ వార్త అలా తగిలింది.

హా పార్ విల్లా గురించి చెప్పకపోతే మాది అసలు సింగపూర్ బతుకే కాదు. జురాంగ్ నుంచి ఊళ్ళోకి వచ్చే దారిలో, పాసిర్ పంజాంగ్‌లో గుట్ట మీద ఉంటుంది. టైగర్ బామ్ అమ్మిన ఆ బూన్ హా అనే ఆయన 1937లో తమ్ముడి కోసం కట్టించిన తోట. రంగురంగుల సిమెంటు బొమ్మలు, చైనా కథలు, పది నరక న్యాయస్థానాలు. అబద్ధమాడితే నాలుక కోస్తారు, దొంగతనం చేస్తే ఇంకేదో చేస్తారు. తొంభైల మొదట్లో దాన్ని పడవలూ నాటకాలూ పెట్టి ఖరీదైన థీమ్ పార్కు చేశారు. కొన్నాళ్ళకి జనం తగ్గిపోయారు. ఆ హంగులన్నీ తీసేసి మళ్ళీ మామూలు తోటగా వదిలాక మేము పిల్లల్ని తీసుకెళ్ళాం. ఆ నరకంలో ఒక న్యాయాధిపతి ఉన్నాడు, ఆయన సాక్షాత్తూ మన యమధర్మరాజే. బౌద్ధంతో పాటు చైనా వెళ్ళి, అక్కడ సిల్కు అంగీ తొడుక్కుని, ఓడెక్కి ఇక్కడికి వచ్చాడు. మా అమ్మ అప్పుడు ఇండియా నుంచి వచ్చి ఉంది. చీర కుచ్చెళ్ళు పట్టుకుని ఆ మెట్లన్నీ ఎక్కి, ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి, చిత్రగుప్తుడు ఎక్కడున్నాడని వెతికింది. చిట్టా పట్టుకున్న గుమాస్తా ఒకడు కనిపించగానే “అడుగో!” అంది. పక్కన ఒక చైనా ముసలావిడ తన మనవడికి అదే బొమ్మ చూపిస్తూ వేలు ఊపి బెదిరిస్తోంది. ఇద్దరు ముసలమ్మలూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఒకరి మాట ఒకరికి రాదు. మా పిల్లలు ఆ పూట నేర్చుకున్నది ఏ ఎన్‌రిచ్‌మెంట్ క్లాసులో చెప్తారు? తోటలోకి ఇప్పటికీ డబ్బు కట్టక్కర్లేదు, నరకం మ్యూజియానికి మాత్రం టికెట్టు పెట్టారు. మా కోడలు, “పిల్ల భయపడుతుంది మామయ్యగారూ, వద్దు” అంటుంది. మా పిల్లలూ భయపడ్డారు. వారం రోజులు అబద్ధం ఆడలేదు.

సెంటోసా దీవి గురించి ఎక్కువ చెప్పను. 1982 నుంచి దీవి చుట్టూ తిరిగిన మోనోరైలు 2005లో ఆగిపోయింది, సంగీతానికి ఆడే ఫౌంటెన్ 2007లో పోయింది, సింహం తల, చేప తోక ఉన్న 37 మీటర్ల మెర్లయన్ బొమ్మని 2019లో మూసేసి కూలగొట్టారు. కొత్తవి చాలా వచ్చాయి, అన్నీ బాగానే ఉన్నాయి. కాకపోతే ఆ మోనోరైల్లో కూర్చుని చుట్లు మీద చుట్లు తిరుగుతూ నిద్రపోయిన పిల్లల తండ్రులు ఈ ఊళ్ళో నాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు.

అన్నిటికన్నా నేను గొప్పగా చెప్పుకునేది చెక్ జావా. పులావ్ ఉబిన్ దీవికి తూర్పు కొస. చాంగీ పాయింట్ దగ్గర బంబోట్లు ఉంటాయి, చెక్క పడవలు, పన్నెండుమంది పోగయ్యేదాకా కదలవు. 2001లో ఆ తీరాన్ని మట్టితో పూడ్చి భూమి పెంచుతారని తెలిసింది. ఈ దేశానికి భూమి కరువు, ఎప్పుడూ సముద్రాన్ని పూడ్చుకుంటూనే ఉంటుంది. పోయేముందు ఒక్కసారైనా చూడాలని జనం కదిలారు. సముద్రం పాటు తీసే వేళ చూసుకుని మేమూ వెళ్ళాం. నీరు వెనక్కి పోయాక అంత మేర ఇసక బయటపడింది. చూసి చూసి అడుగెయ్యాలి, ఎందుకంటే కాళ్ళ కింద అంతా ప్రాణమే. అరచేతంత నక్షత్ర చేపలు, ఇసక రంగులోనే కలిసిపోయి. ఒక డెక్క పెద్దది, ఒకటి చిన్నది ఉన్న పీతలు, ఆ పెద్ద డెక్కని పైకీ కిందకీ ఊపుతూ. ఒక చిన్న మడుగు పక్కన మా అబ్బాయి గొంతు కూర్చుని, చేతులు వెనక్కి కట్టుకుని, ముట్టుకోవద్దన్నారు కాబట్టి ముట్టుకోకుండా, ఊపిరి బిగబట్టి చూశాడు. నీళ్ళలో పువ్వులా విచ్చుకున్నది ఒకటి ఉంది, దాని రేకుల మధ్య వేలిగోరంత రొయ్య. అది జంతువని చెప్తే వాడు నమ్మలేదు. నీడ పడగానే ముడుచుకుంది, అప్పుడు నమ్మాడు.

ప్రభుత్వం ఆ డిసెంబరులో పూడ్చే పనిని వాయిదా వేసింది. జనం చూసి, ప్రేమించి, అడిగారు కాబట్టి ఆగింది. 2007లో కిలోమీటరు పైచిలుకు పొడుగున చెక్కబాట కట్టారు. ఇక ఇష్టమొచ్చినట్టు ఇసకలోకి దిగి నడవడానికి లేదు, బాట మీంచే చూడాలి. అది మంచి పనే, అంతమంది తొక్కితే ఆ జీవాలు బతకవు. ఈనాటికీ ప్రవేశం ఉచితం. ఎదురుగా నీళ్ళ అవతల కనిపించేది టెకోంగ్ దీవి. మా వాడు పద్దెనిమిదేళ్ళు నిండాక నేషనల్ సర్వీసుకి, అంటే తప్పనిసరి సైనిక శిక్షణకి, వెళ్ళింది అక్కడికే. గుండు గీయించుకుని ఫెర్రీ ఎక్కేటప్పుడు మా ఆవిడ ఏడుస్తుంటే, “ఉబిన్ పక్కనేగా అమ్మా, నాకు తెలిసిన చోటే” అన్నాడు. ఆ మాట వాడి నోట రావడానికి వెనక ఎన్ని పడవ ప్రయాణాలు, ఎన్ని పులిహోర డబ్బాలు ఉన్నాయో మాకు తెలుసు.

వాడే ఇప్పుడు ఒక పిల్లకి తండ్రి. లాంగ్ వీకెండ్ వస్తే బాలీ, బడి సెలవులకి జపాన్, దీపావళికి ఫుకెట్. మా మనవరాలు ఐదు దేశాల విమానాశ్రయాల్లో ఎక్కడ ఆటల గది ఉందో చెప్తుంది. ఉబిన్ అంటే ఏమిటో తెలియదు. ఫుకెట్ రిసార్టులో ఈతకొలనూ బాలీ రిసార్టులో ఈతకొలనూ ఒకటే, అక్కడ పిల్లకి దొరికేది ఒకటే రంగు నీళ్ళు, ఒకటే రకం నూడుల్స్. అడిగితే, “నాన్నా, మాకు టైమెక్కడుంది? దగ్గర్లోవి ఎప్పుడైనా చూడొచ్చు” అంటాడు. ఎప్పుడైనా చూడొచ్చు అనుకున్న పక్షుల పార్కు మూతపడింది, మోనోరైలు పోయింది, మెర్లయన్ పోయింది. ఈ ఊళ్ళో ఏదీ ఎప్పటికీ ఉండదు. పిల్ల మూడేళ్ళ వయసు కూడా అంతే, నిలవదు.

ఇంకా మిగిలినదొకటి చెప్తాను. బొటానిక్ గార్డెన్స్ 1859 నాటిది, 2015లో యునెస్కో గుర్తించింది, పొద్దున 5 నుంచి అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుంది, ఒక్క ఆర్కిడ్ తోటకి తప్ప పైసా అక్కర్లేదు. అందులో పిల్లల కోసం వేరే తోట కూడా ఉంది. వేళ్ళు బయటికి వచ్చిన చెట్ల కింద మా మనవరాలు ఒక్క గంట ఎండుటాకులు ఏరుకుంటే దానికి ఆ చెట్టు తెలుస్తుంది. మళ్ళీ వారం వెళ్తే ఆ చెట్టు దానిది. మూడోసారి వేరే పిల్లకి తనే చూపిస్తుంది. దీనికి కార్డు తగ్గింపు చూసుకోనక్కర్లేదు, ఒక పెద్దమనిషి తోడుంటే చాలు. ఆ పెద్దమనిషి ఫోన్ సంచిలో పెట్టాలి.

మా వాడికీ కోడలికీ ఎదురుగానే చెప్పాను, ఇక్కడా చెప్తున్నాను. విదేశాలు తిరగండి, వద్దనను. నెలకి రెండు ఆదివారాలు మాత్రం ఈ ఊరికి ఇవ్వండి, పొద్దుట్నించి సాయంత్రం దాకా, బస్సులో. రోజు చాలదంటే క్లాసుల్లో ఒకటి మానిపించండి. ఈత మాత్రం మానిపించకండి, అది ఉండాలి, చుట్టూ నీళ్ళున్న దేశం ఇది. మిగతా వాటిలో ఏది మానిపించాలో మీ ఇష్టం.